మేస్త్రీ అనే మాట ఎక్కడిది? లాటిన్ నుంచి మన తాపీ పని వరకు

ప్రశ్న: వాల్తేరు నివాసి

మిత్రులందరికీ నమస్కారం. విశాఖపట్నంలో మాది తాపీ పని చేసుకునే కుటుంబం. మా తాతగారిని పేటలో అందరూ మేస్త్రీ గారనే పిలిచేవారు, ఇప్పుడు మా నాన్నగారినీ అలాగే పిలుస్తున్నారు. తాపీ మేస్త్రీ, సెంట్రింగ్ మేస్త్రీ, రాడ్ బెండింగ్ మేస్త్రీ, కూలీలను పనికి కుదిర్చే మేస్త్రీ, పురపాలక సంఘాల్లో పారిశుద్ధ్య సిబ్బందిపై అజమాయిషీ చేసే శానిటరీ మేస్త్రీ, ఇలా ఎన్నో రకాల పనివారికి ఒకే మాట వాడుతున్నాం. దాని పుట్టుక గురించి అడిగితే మాత్రం తలా ఒక మాట చెబుతున్నారు. అది ‘మహాశాస్త్రి’ అరిగిపోగా మిగిలిన రూపమని మా పెదనాన్నగారి నమ్మకం. భీమిలిలో డచ్చివారు స్థావరం పెట్టుకున్న రోజుల్లో వారి భాష నుంచి వచ్చిందని అక్కడి మిత్రుడొకరు అంటున్నారు. పోర్చుగీసు మాటని ఇంకొకరు చెప్పారు.

ఈ మధ్య గమనించిన మరో సంగతి నన్ను ఈ ప్రశ్న వేయడానికి పురిగొల్పింది. ఇటలీలో సంగీత విద్వాంసుణ్ణి మయెస్త్రో అంటారు, స్పానిష్‌లో అదే మాటకు బడిపంతులు అని అర్థం, ఫ్రాన్సులో న్యాయవాదిని ‘మెత్ర్’ అని సంబోధిస్తారు. ఇవన్నీ మన మేస్త్రీకి బంధువులేనా? బంధువులే అయితే ఒకే మాట ఒక దేశంలో పంతులుగా, మరో దేశంలో వకీలుగా, మన దగ్గర గోడ కట్టేవాడిగా ఎలా మారింది? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: పదాన్వేషి

వాల్తేరు నివాసి గారికి నమస్కారం. ఇవన్నీ ఒకే కుదురు నుంచి వచ్చినవే. మన మేస్త్రీకి నేరుగా మూలమైనది పోర్చుగీసు మాట ‘మెస్త్రె’, దానికి మూలం లాటిన్ ‘మగిస్తెర్’. గోవాకు చెందిన సెబాస్టియన్ రొడోల్ఫు దల్గాదు ఆసియా భాషల్లోకి చేరిన పోర్చుగీసు మాటలను 1913లోనే సేకరించి ప్రచురించారు, ఈ మాటకు అందులో చోటుంది. మరాఠీ, గుజరాతీ, హిందీ, బెంగాలీ భాషల్లోని మిస్త్రీ, తమిళంలోని మేస్తిరి, మలయాళంలోని మేశిరి కూడా దీని రూపాలే. పశ్చిమ భారతంలో అది ఇంటిపేరుగా సైతం స్థిరపడింది.

ముందుగా లాటిన్ మాట సంగతి చూద్దాం. ‘మగిస్’ అంటే ఎక్కువ అని అర్థం. దానికి ‘తెర్’ అనే ప్రత్యయం చేరి, ఇద్దరిలో పైవాడు, పెద్దవాడు అనే అర్థం వచ్చింది. ఈ ప్రత్యయం సంస్కృతంలోని ‘తర’ ప్రత్యయానికి తోబుట్టువు. మగిస్ అనే మాటకూ మన ‘మహత్’ అనే మాటకూ ప్రాచీన ధాతువు ఒకటే. అంటే కూర్పును బట్టి చూస్తే మగిస్తెర్ అనే మాట మన ‘మహత్తర’ అనే మాటకు చాలా దగ్గరిది. మేస్త్రీ అనేది మహాశాస్త్రి నుంచి పుట్టిన మాట కాదు గానీ, అందులో మహా అనే భావం ఉందని మీ పెదనాన్నగారు పట్టుకున్నది ఆ విధంగా నిజమే. ఇక ఈ మగిస్తెర్‌కు సరిగ్గా ఎదురుగా నిలిచేది ‘మినిస్తెర్’. మినుస్ అంటే తక్కువ కాబట్టి మినిస్తెర్ అంటే కింద ఉండి సేవ చేసేవాడు. నేడు మనం మినిస్టర్ అంటున్నది ఆ మాటనే.

రోములో మగిస్తెర్ అంటే పంతులు అని మాత్రమే కాదు. నియంతకు సహాయకుడిగా నియమితుడయ్యే అశ్వదళాధిపతి ఒక మగిస్తెర్, బడి నడిపేవాడు ఒక మగిస్తెర్, ఓడ బాధ్యత చూసేవాడు మరో మగిస్తెర్. ఏ పనిలోనైనా పైనుండి నడిపించేవాడికి ఆ పేరు చెల్లింది. మధ్యయుగాల్లో ఈ విశాలమైన అర్థాన్ని రెండు వ్యవస్థలు తలా ఒక వైపుకు తీసుకుపోయాయి. పారిస్ వంటి విశ్వవిద్యాలయాలు బోధించే అర్హత పొందినవారికి ఆ బిరుదు ఇచ్చాయి. నేటి మాస్టర్స్ డిగ్రీ దాని వారసత్వమే. అదే కాలంలో నగరాల్లోని వృత్తి సంఘాలు పని నేర్చుకునే కుర్రవాడికీ, కూలికి పనిచేసే పనివాడికీ పైన, స్వతంత్రంగా పని పెట్టుకుని శిష్యులను తీసుకోగల నిపుణుణ్ణి ఆ పేరుతోనే పిలిచాయి. పంతులు అనే అర్థం మొదటి దారిలో బలపడింది, మన మేస్త్రీ రెండో దారిలో వచ్చాడు. ఒకటి గొప్ప, మరొకటి తక్కువ అన్న భేదం ఆ మాటలో మొదటినుంచీ లేదు. ఫ్లోరెన్సు నగరం 1334లో తన ప్రధాన దేవాలయ నిర్మాణానికి చిత్రకారుడు జొత్తోను పెద్దగా నియమించినప్పుడు ఆయనకు ఇచ్చిన హోదా ‘కాపోమయెస్త్రో’, అంటే పెద్ద మేస్త్రీ. నేటి ఇటాలియన్‌లో ‘కాపోమాస్త్రో’ అంటే ఇంటి నిర్మాణం దగ్గర పనివారిని నడిపించేవాడు.

రూపం మారిన తీరు కూడా చక్కని క్రమంలోనే సాగింది. లాటిన్‌లో ఇకారానికి ముందున్న గకారం మెత్తబడి, రెండు అచ్చుల నడుమ క్రమంగా అదృశ్యమైంది. ఇటాలియన్, స్పానిష్ భాషలు మిగిలిన రెండు అచ్చులనూ పక్కపక్కనే నిలుపుకుని మయెస్త్రో అన్నాయి. పోర్చుగీసు ఆ రెంటినీ ఒకటిగా కలిపేసి మెస్త్రె అంది. ఇది ఒక్క మాటకు జరిగిన మార్పు కాదు. బాణానికి లాటిన్‌లో ‘సగిత్త’ అనేవారు. అది ఇటాలియన్‌లో సయెత్తా, స్పానిష్‌లో సయేతా, పోర్చుగీసులో సేత అయింది. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఫ్రెంచి మరో అడుగు ముందుకు వేసి, తకారానికి ముందున్న సకారాన్ని కూడా వదిలేసింది. పాత ఫ్రెంచిలోని ‘మైస్త్ర్’ నేడు ‘మెత్ర్’. పోయిన సకారానికి గుర్తుగా అచ్చు మీద చిన్న గొడుగు వంటి చిహ్నం వేస్తారు. ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువు 1740 నాటి కూర్పులో ఆ పద్ధతిని విస్తృతంగా ప్రవేశపెట్టింది.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది రుమేనియన్. ఆ భాషలో ఈ మాట ఒకసారి కాదు, ఐదు దారుల్లో వచ్చి చేరింది. లాటిన్ నుంచి వారసత్వంగా దక్కిన ‘మయెస్త్రు’ ఒకటి. హంగేరియన్ నుంచి చేతిపని నిపుణుడనే అర్థంలో ‘మేష్తెర్’ వచ్చింది, జర్మన్ నుంచి కర్మాగారంలోని పర్యవేక్షకుడికి ‘మాయ్‌స్త్రు’ వచ్చింది. ఇటాలియన్ నుంచి కళాకారులకు ‘మాఎస్త్రు’, పుస్తకాల లాటిన్ నుంచి ‘మజిస్త్రు’ ఆ తరువాత చేరాయి. వారసత్వపు మాటకు నేర్పు అనే అర్థం ఎంతగా ముదిరిందంటే, దాని స్త్రీలింగ రూపం ‘మయాస్త్ర’ జానపద కథల్లో మాయలు చేసే పక్షికి విశేషణమైపోయింది. శిల్పి బ్రాంకూషి 20వ శతాబ్దపు తొలినాళ్లలో చెక్కిన పక్షి శిల్పాలకు ఆ పేరే పెట్టారు. ఇక మేష్తెర్ మానోలె అనే మేస్త్రీ కథ రుమేనియాలో తెలియనివారుండరు. కుర్తెయా దె ఆర్జెష్ మఠం గోడలు పగలు కడితే రాత్రి కూలిపోతున్నాయని, చివరికి అతడు తన భార్యనే గోడలో పెట్టి కట్టవలసి వచ్చిందని అక్కడి గాథ చెబుతుంది. చెరువు కట్ట నిలవడానికి ఇంటి కోడలిని బలి ఇచ్చిన కథలు మన వైపూ ఉన్నాయి కాబట్టి, ఈ గాథ మనకు పరాయిగా అనిపించదు.

సమాధానం: సముద్రయాని

నేను సరకు ఓడల్లో ఉద్యోగం చేస్తున్నాను. పదాన్వేషి గారు చెప్పినదానికి రేవుల్లో విన్న మాటలు కొన్ని చేర్చగలను. బ్రెజిల్‌లోని శాంతోస్ వంటి రేవుల్లో చేపల పడవను నడిపించే పెద్దను మెస్త్రె అంటారు. డెక్ మీద కళాసీలకు పని పురమాయించే ఉద్యోగిని, అంటే మన కళాసీలు సరంగు అని పిలిచే మనిషిని, ‘కొంత్రమెస్త్రె’ అంటారు. స్పానిష్‌లో కొంత్రమయెస్త్రె అన్నా ఓడలోని సరంగే. కానీ ఇదే సమాసం ఫ్రెంచిలో ‘కొంత్రమెత్ర్’ అయ్యేసరికి ఓడ దిగి ఫ్యాక్టరీలోకి వెళ్లిపోయింది. అక్కడ దానికి కార్మికుల మీద పర్యవేక్షకుడని అర్థం. ఇళ్లు కట్టే చోట పోర్చుగీసువారు ‘మెస్త్రె ద్ ఓబ్రశ్’ అనీ, స్పానిష్‌వారు ‘మయెస్త్రో దె ఓబ్రాస్’ అనీ అంటారు. వాటికి పనుల పెద్ద అని అర్థం. లాటిన్ అమెరికాలోని అనేక దేశాల్లో రోడ్డు మీద వెళ్లే తాపీ పనివాణ్ణి, మెకానిక్కును పిలవాలంటే ‘మయెస్త్రో’ అనే పిలుస్తారు, మనం ‘మేస్త్రీ!’ అని కేక వేసినట్లే. ఆ పిలుపు మొదటిసారి విన్నప్పుడు నాకు నిజంగా ఆనందమైంది.

తాపీ పనివారి ఇంట పుట్టినవారికి మరింత దగ్గరగా అనిపించే సంగతి ఒకటి ఉంది. ఈ భాషల్లో మనిషినే కాక గోడను కూడా ఈ మాటతో గౌరవిస్తారు. పైకప్పు భారాన్ని మోసే గోడను ఇటాలియన్‌లో ‘మూరో మయెస్త్రో’, స్పానిష్‌లో ‘పరేద్ మయెస్త్రా’, పోర్చుగీసులో ‘పరేద్ మెశ్త్ర’ అంటారు. ఆ గోడను తీస్తే ఇల్లు నిలవదు. అంతకంటే సూక్ష్మమైనది గోడ ప్లాస్టరింగ్‌లో కనిపిస్తుంది. గోడ సమంగా రావడానికి ముందుగా గుండు వేసి చూసుకుని, కొంత ఎడంలో సిమెంటు మాలుతో నిలువు పట్టీలు తీసి, అవి కాస్త గట్టిపడ్డాక వాటి మీద బద్దను ఆనించి పైకీ కిందికీ లాగుతూ మధ్య ఖాళీలను నింపుతారు కదా, ఆ నిలువు పట్టీలను స్పానిష్‌లో మయెస్త్రా అనీ, పోర్చుగీసులో మెశ్త్ర అనీ పిలుస్తారు. మిగిలిన గోడంతా వాటిని చూసి నడుచుకుంటుంది కాబట్టి ఆ పేరు ఎంతో సముచితంగా ఉంది. తేనెతుట్టెలోని రాణి ఈగను కూడా ఆ రెండు భాషలవారు ఈ మాటతోనే చెబుతారు. ఇటాలియన్‌లో తెరచాప ఓడకు నడుమ ఉండే పెద్ద స్తంభం, ప్రధానమైన పెద్ద దారి కూడా మయెస్త్రో, మయెస్త్రా అనే విశేషణాలు పొందాయి.

గాలికి కూడా ఈ పేరుంది. దక్షిణ ఫ్రాన్సులో రోన్ నది లోయ గుండా మధ్యధరా సముద్రం మీదికి ఉధృతంగా వీచే చల్లని గాలి పేరు మిస్త్రాల్. మగిస్తెర్ నుంచి ఏర్పడిన ‘మగిస్త్రాలిస్’ అనే విశేషణం ప్రొవాన్సు ప్రాంతంలో ఆ రూపం పొందింది. మిగిలిన గాలులన్నిటిపై పెత్తనం చేసే గాలి అని దాని అర్థం. ఇటాలియన్ నావికులు వాయవ్య దిక్కు గాలిని ‘మయెస్త్రాలె’ అంటారు, పాత దిక్సూచి పటాల్లో వాయవ్య దిశకు మయెస్త్రో అనే పేరు రాసి ఉంటుంది.

వాల్తేరు నివాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా నాన్నగారికి ఆ నిలువు పట్టీల సంగతి చదివి వినిపించాను, ఆయన రెండుసార్లు చెప్పించుకుని విన్నారు. మరో రెండు సందేహాలున్నాయి. డచ్చి భాషలోనూ ‘మేస్తర్’ అనే మాట ఉందని భీమిలి మిత్రుడు పట్టుబడుతున్నారు. మరి అది కాదని, పోర్చుగీసేనని ఎలా తేల్చగలం? రెండవది, ఇటాలియన్‌లో వృత్తిని ‘మెస్తియేరె’ అంటారట. అది కూడా మయెస్త్రో నుంచి వచ్చినదేనా?

సమాధానం: పదాన్వేషి

డచ్చి మేస్తర్ కూడా లాటిన్ మగిస్తెర్ సంతానమే కాబట్టి మీ మిత్రుడి అనుమానం సహజమైనదే. అయినా మన మాట రూపమే సాక్ష్యం చెబుతోంది. డచ్చి మాట ‘తర్’ అని ముగుస్తుంది, పోర్చుగీసు మాట ‘త్రె’ అని ముగుస్తుంది. పోర్చుగీసులో చివరి ఎకారాన్ని బలహీనంగా పలుకుతారు. బ్రెజిల్‌లో నేడు అది స్పష్టంగా ఇకారమే. అందువల్ల మెస్త్రె నుంచి మేస్త్రీ రావడానికి ఏ శ్రమా లేదు, మేస్తర్ నుంచి రావాలంటే అక్షరాలు తారుమారు కావాలి. పైగా ఈ మాట గోవా నుంచి బెంగాల్ వరకు అన్ని తీరాల్లోనూ ఉంది. పోర్చుగీసువారు 1498లో కాలికట్‌కు వచ్చి, 1510లో గోవాను పట్టుకున్న తరువాత, తీరప్రాంతపు వ్యాపారమంతటికీ ఒక రకమైన సరళమైన పోర్చుగీసు వ్యవహార భాషగా మారింది. తరువాత వచ్చిన డచ్చివారూ ఆంగ్లేయులూ సైతం స్థానికులతో చాలాకాలం దానితోనే పని గడుపుకున్నారు. భీమిలిలో డచ్చివారి దగ్గర పనిచేసిన మనవారు సైతం అక్కడ పోర్చుగీసు మాటలే విని ఉండే అవకాశం ఎక్కువ.

తెలుగు ఇవ్వగల సాక్ష్యం మరొకటి ఉంది. పోర్చుగీసులో తకారాన్ని నాలుక పళ్లకు ఆనించి పలుకుతారు, ఇంగ్లీషులో చిగుళ్ల దగ్గర పలుకుతారు. మన చెవి మొదటిదాన్ని తకారంగా, రెండవదాన్ని టకారంగా పట్టుకుంది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు మాటలు ఆ రెండు భాషల ద్వారా మనకు చేరిన చోట ఈ తేడా కొట్టవచ్చినట్లు కనబడుతుంది. బొత్తాము పోర్చుగీసు, బటన్ ఇంగ్లీషు. తువాలు పోర్చుగీసు, టవల్ ఇంగ్లీషు. ఆ వరుసలోనే మేస్త్రీ పోర్చుగీసు, మాస్టరు ఇంగ్లీషు. ఇంగ్లీషు మాస్టరుకు మన గౌరవవాచకం కలిసి ఏర్పడినది మాస్టారు. కనుక బడిలో పాఠం చెప్పే మాస్టారూ, ఆ బడి గోడ కట్టిన మేస్త్రీ పేరును బట్టి అన్నదమ్ములే. ఆ మాస్టర్ నీరసించి మిస్టర్ అయింది, లాటిన్‌లో అధికార పదవిని సూచించే రూపం నుంచి మేజిస్ట్రేటు వచ్చింది, ఇటాలియన్ నుంచి సంగీత దర్శకుల కోసం మేస్ట్రో వచ్చింది. రుమేనియన్‌లో వలెనే తెలుగులోనూ ఒక మగిస్తెర్ ఐదు వేషాల్లో తిరుగుతున్నాడు. అదే మగిస్ కుదురుకు చెందిన ‘మయోర్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మేయరును కూడా లెక్కవేసుకుంటే బంధువర్గం ఇంకా పెరుగుతుంది.

మెస్తియేరె విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అది మయెస్త్రోకు చుట్టం కాదు; నేను మొదట చెప్పిన మినిస్తెర్ వైపు మాట. సేవ, కొలువు అనే అర్థమున్న ‘మినిస్తేరియుమ్’ నుంచి ఇటాలియన్ మెస్తియేరె, ఫ్రెంచి ‘మెతియె’, స్పానిష్ ‘మెనెస్తేర్’ వచ్చాయి. మొదటి రెండింటికీ నేడు వృత్తి అని అర్థం, స్పానిష్ మాట అవసరం అనే అర్థం వైపు మళ్లింది. పెద్ద అనే మాట, సేవకుడు అనే మాట అరిగి అరిగి దాదాపు ఒకే రూపానికి వచ్చి చేతిపని దగ్గర కలుసుకున్నాయి. పోలిక చూసి చుట్టరికం కలిపితే ఇటువంటి చోటే దారి తప్పుతాం.

సమాధానం: కళింగతీరం

భాష సంగతి బాగా తేలింది. ఉత్తరాంధ్ర చరిత్రలో ఈ మాటకున్న మరో ముఖం గురించి కూడా చెప్పుకోకపోతే ఈ చర్చ అసంపూర్ణమని నా అభిప్రాయం. ఇక్కడ మేస్త్రీ అంటే నిపుణుడే కాదు, కూలీల పెద్ద కూడా. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో బర్మాలో వరి సాగు, రంగూను రేవు విస్తరించినప్పుడు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది ఓడలెక్కి వెళ్లారు. మన పెద్దలు దానిని రంగం వెళ్లడమనేవారు. కోరంగి రేవు పేరుతో తెలుగు కూలీలందరినీ అక్కడ కోరంగీలన్నారు. వారిని ఊళ్లలో అడ్వాన్సు ఇచ్చి పోగుచేసి, ఓడ ఖర్చు పెట్టి, అక్కడ పని ఇప్పించి, కూలి డబ్బులో తన వాటా పట్టుకున్నవాడు మేస్త్రీ. ప్రభుత్వ నివేదికల్లోనే అది మేస్త్రీ పద్ధతి అనే పేరుతో నమోదైంది. చిన్న మేస్త్రీ పైన పెద్ద మేస్త్రీ, ఆయన పైన ఓడ సరకుల కంట్రాక్టరు ఉండేవారు. కూలి డబ్బు ఒక్కొక్క మెట్టు దిగేకొద్దీ తరిగిపోయేది. అప్పు తీరేదాకా కూలీ ఆ ముఠాను వదలలేకపోయేవాడు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయడం, వారి స్థానంలో బర్మీయులను పెట్టుకోవడం, సమ్మె ముగిసి మనవారు తిరిగి పనిలోకి వచ్చిన రోజున ఘోరమైన అల్లర్లు చెలరేగడం చరిత్రలో నమోదైన విషయాలు.

అందువల్ల మా వైపు పాత తరంవారి నోట మేస్త్రీ అనే మాటలో గౌరవంతో పాటు కొంత భయం, కొంత కోపం కూడా వినిపించేవి. రోమన్ మగిస్తెర్‌లోని పైవాడు అనే అర్థం కూలీల పెద్ద విషయంలో పెత్తనంగా మిగిలింది, తాపీ మేస్త్రీ విషయంలో నైపుణ్యంగా మిగిలింది. వాల్తేరు నివాసి గారి తాతగారికి పేట ఇచ్చిన గౌరవం ఈ రెండవదని ఎవరికైనా అర్థమవుతుంది.

బర్మా నుంచి తిరిగివచ్చిన కుటుంబాలు మన నగరంలోని బర్మా క్యాంపులో ఇప్పటికీ ఉన్నాయి. ఈ చర్చ చదువుతున్నవారిలో ఆ కుటుంబాలవారు ఎవరైనా ఉంటే, రంగూను రేవు పనిలో మేస్త్రీల అంతస్తులకు తమ పెద్దలు ఏయే పేర్లు వాడేవారో అడిగి ఇక్కడ రాయవలసిందిగా మనవి.